సిగ్గులేని గడ్డ

గడ్డ అన్నాక కాస్త సిగ్గుండాలన్నది చిన్నక్క అభిప్రాయం. ఆకు మాత్రం పైకి చూపించి, ఒళ్లంతా మట్టిలో దాచుకుని, మనిషి వచ్చి గునపంతో బతిమాలితే తప్ప బయటికి రాకూడదు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె అడవిలో తవ్విన గడ్డలన్నీ ఆ మర్యాద తప్పనివే. అలాంటిది, కోడలు కళ్యాణి పెరట్లో నాటిన నారు క్యాబేజీ అవుతుందని గూడెమంతా అనుకుంటుంటే, అది క్యాబేజీ కాలేదు సరికదా, నేలకు రెండు వేళ్ల ఎత్తున, నలుగురూ చూస్తుండగా, కాడకే బొజ్జ పెంచుకుని కూర్చుంది. ఆ బొజ్జ చుట్టూ చేతుల్లాంటి కాడలు, వాటి చివర ఆకులు. పెళ్లిభోజనం ఎక్కువై అరుగు మీద చతికిలబడ్డ పెద్దమనిషి ఎలా ఉంటాడో అచ్చం అలా ఉంది.

"ఇదేం గడ్డే, ఒంటిమీద బట్ట లేకుంట!" అనుకుంది చిన్నక్క. అనుకుని ఊరుకునే మనిషి కాదు. తెలతెలవారుతుండగానే పార పట్టుకుపోయి, ఒక్కో మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసి, గడ్డ కనపడకుండా కప్పి, పసిపిల్లలకు దుప్పటి కప్పి జోకొట్టినట్టు అరచేత్తో తట్టి వచ్చింది.

ఎండ పడ్డాక కళ్యాణి నీళ్లబిందెతో పెరట్లోకి వచ్చి చూస్తే ఏముంది? నిన్నటిదాకా పిడికిలంత ఊరి నిగనిగలాడుతున్న నూల్‌కోలు ఒక్కటీ కనపడలేదు. వరసగా మట్టికుప్పలు. వాటిలోంచి ఆకులు మాత్రం, వరదలో మునిగిపోయేవాళ్ల చేతుల్లాగా పైకి లేచి ఉన్నాయి. ఆమె బిందె దించి, గొంతుక్కూచుని, వేళ్లతో మట్టి తియ్యడం మొదలుపెట్టింది. తిరుమలాయపాలెం పక్క తండాలో కూరగాయల మడుల మధ్య పెరిగిన పిల్ల. ఈ నారు కూడా తల్లి ద్వాలి తడిగోనెలో చుట్టి పంపిందే. నూల్‌కోలుకు గాలి తగలాలనీ, తడి మట్టి ఆనితే కుళ్లు పడుతుందనీ ఆమెకొకరు చెప్పక్కర్లేదు. మట్టి తీసి, కొంగుతో ఒక్కో గడ్డనూ తుడిచి, మళ్లీ ఆ సిగ్గులేనివాటిని లోకానికి చూపించింది.

"అత్తమ్మా, ఇది లోపట ఊరే గడ్డ కాదు. పైనే ఉంటది," అంది వసారా దగ్గరికొచ్చి.

చిన్నక్క గుంజకు ఆనుకుని ఆకులు కుడుతోంది. తలెత్తలేదు. పక్కన గింజలేరుకుంటున్న కోడి వైపు తిరిగి, "ఏమే కోడీ, మా ఇంట్ల గడ్డలకు మట్టి గప్పుతరు. గా సంగతి ఎవలకన్న తెల్వకుంటే జెర చెప్పు," అంది.

కోడి విన్నదో లేదోగాని కళ్యాణి విన్నది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అత్త ఆమెతో మాట్లాడే పద్ధతి ఇదే. కోడి ద్వారా, మేక ద్వారా, ఆ రెండూ మేతకు పోయి ఉంటే రోకలి ద్వారా. నోరున్న రోకలి అయితే ఈపాటికి రెండు పక్షాలకూ దండం పెట్టి పారిపోయేదే.

అలా మొదలైంది యుద్ధం. వేకువన అత్త కప్పడం, పొద్దెక్కాక కోడలు విప్పడం. ఒకరితో ఒకరు మాట లేదు, మొహం చిట్లింపు లేదు. మధ్యలో గడ్డలకే పాపం రాత్రో పగలో తెలియకుండా పోయింది.

*

పినపాక దాటి అడవి అంచుకు పోతే వచ్చే ఆ గూడెంలో ఏ ఇంటికైనా ఒక్కటే పొయ్యి. చిన్నక్క మొగుడు పగిడయ్య ఇంటికి మాత్రం రెండు. లోనింట్లో కట్టెల పొయ్యి చిన్నక్కది. దాని పక్క మూలలో పెద్దల కుండ. చనిపోయిన పెద్దలు ఎక్కడికో పోతారని కోయవాళ్లు అనుకోరు. ఆ కుండ దగ్గరే ఉండి, ఇంట్లో ఏం ఉడుకుతోంది, ఎవరు తింటున్నారు, ఎవరికి తక్కువైంది అని చూసుకుంటుంటారు. కళ్యాణి లంబాడా పిల్ల. కొడుకు వీరబాబు భద్రాచలం గుళ్లో తాళి కట్టి తీసుకొచ్చాడు గాని, ఫలానా పిల్ల మనింటికి వచ్చిందని పెద్దలకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పని మనిషి లోనింటి గడప దాటడానికి లేదు. అందుకని వసారాలో గ్యాస్ పొయ్యి పెట్టారు. అది కళ్యాణిది. ఆమె వండింది చిన్నక్క ముట్టదు. "ముట్టను" అని కూడా అనదు. ఆకలి లేదంటుంది, అంతే.

ఈ ఏర్పాటుతో ఏ బాధా లేనివాడు పగిడయ్య ఒక్కడే. లోపల భార్య పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, వసారాలోకి వచ్చి కోడలు వండింది 'రుచి చూడటానికి' కూర్చుంటాడు. ఆయన లెక్కలో రుచి చూడటమంటే గిన్నె అడుగు కనపడటం.

ఆ సాయంత్రం గిన్నె అడుగు కనపడ్డాక కళ్యాణి అంది. "ఇగ కొయ్యాలె మామా. ఈ వారం దాటితే లోపట నార పడ్తది. ఎంత ఉడకబెట్టినా కట్టె నమిలినట్టే ఉంటది."

లోపలి నుంచి మేకకు కబురొచ్చింది. "కొత్త పెట్టకుంట మా ఇంట్ల చిక్కుడుకాయ గూడ నోట్లె పెట్టరని చెప్పవే మేకా."

సొంత మట్టిలో పండిన ఏ పంటైనా ముందు వండి పెద్దల ముందు పెట్టాలి. అదే కొత్త పెట్టడం. వాళ్లు తిన్నాకే మనుషులు తినాలి. చిక్కుడుకు కొత్త, జొన్నకు కొత్త, మామిడికి కొత్త. కాదని ముందు తింటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ తిని చూడలేదు.

"అయితే కొత్త పెట్టరాదే చిన్నక్కా! ఎవలొద్దన్నరు?" అన్నాడు పగిడయ్య.

మొగుడితో మాట్లాడటానికి కోడీ మేకా అక్కర్లేదు గనక చిన్నక్క గడప మీదికే వచ్చింది. "ఏమని పెట్టాలె? చిక్కుడైతే చిక్కుడని చెప్త. జొన్నైతే జొన్నని చెప్త. దీని మొహం మన పెద్దలల్ల ఒక్కరన్న చూసిన్రా? ఇదేందే చిన్నక్కా అనడిగితే నేనేం చెప్పాలె? మీ మనవడి పెండ్లాం బొజ్జగడ్డ అని చెప్పనా?"

"మా తాతకైతే చెప్పక్కర్లేదు. గడ్డల సంగతి మా తాతకు తెలిసినంత భూదేవికి తెల్వదు," అని పగిడయ్య గోడకు జారగిలబడ్డాడు. అది కథకు కూర్చునే కూర్పు. "వినుండ్రి. ఓపారి మా తాత గోదారి ఒడ్డున ఓ గడ్డ తీగె పట్టుకున్నడు. తవ్విండు. గడ్డ కింద గడ్డ, గడ్డ కింద గడ్డ. ముందు నడుములోతు, మల్ల తాడిలోతు. గునపం అరిగిపోయి సూదయింది. మనిషి వదల్లే. తినుకుంట తవ్వుడు, తవ్వుకుంట తినుడు. అట్ల తవ్వుకుంట పోయి పోయి గోదారి కిందికెళ్లి దూరి, భద్రాచలం రేవుల తేలిండు. అక్కడ తానాలు చేసే జనమంతా దేవుడు ఎలిసిండని దండాలు పెట్టిన్రు. మా తాత బయటికొచ్చి ఏమన్నడో తెల్సా? 'జెర పక్కకు జరుగున్రి నాయనా, గడ్డ ఇంక మిగిలింది' అన్నడు."

కళ్యాణి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల చీకట్లో చిన్నక్క కూడా నవ్వే ఉంటుంది. ఏదో గిన్నె అవసరం లేకుండా గట్టిగా చప్పుడైంది.

*

మర్నాడు వీరబాబు మణుగూరు నుంచి బండి మీద వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బొగ్గుగనుల దగ్గర టిప్పర్ తోలేవాడు. ఎంత కడుక్కున్నా చెవి వెనక నలుపు మిగిలే ఉంటుంది. భార్య పెరట్లో గడ్డల దగ్గర కూర్చుని ఒక్కోదాన్నీ గోటితో కొట్టి చూస్తోంది. ద్వాలి పొద్దున ఫోన్లో చెప్పింది: "గోటితో కొట్టి చూడు బేటా. నీళ్లకుండ లెక్క మోగితే లేతది. చెక్క లెక్క మోగితే ఇగ ఆశ వదులుకో." ఇంకా నీళ్లకుండలాగే మోగుతున్నాయి. కానీ రెండు మూడు మాత్రం గొంతు మార్చే ప్రయత్నంలో ఉన్నాయి.

వీరబాబు అటూ ఇటూ చూసి పక్కన కూర్చున్నాడు. "ఒకటి తెంపి వండరాదు? అమ్మ సంతకు పోయినప్పుడు. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"నువ్వు గూడ గిట్లంటే ఎట్లనే! నువ్వేమన్న కోయదానివా కొత్త పెట్టనిది తినకపోవడానికి?"

ఆ మాట గుచ్చుకుంది. కళ్యాణి చేతిలోని ఎండుటాకు తుంచి పారేసింది. "నేను వసారాల వండితే ఇది గూడ వసారా కూరే అయితది, వీరూ. వంకాయ వండిన, చేపలు వండిన, అన్ని నీకూ మామకే. ఇది సంతల కొన్నది కాదు. మీ మట్టిల, నా చేతుల మీద పండింది. గీ ఒక్కటన్న లోపట ఉడకాలె. మీ అమ్మ తినాలె. అవి కట్టెలైనా సరే, దొంగతనంగ తెంప."

వీరబాబు నెత్తి గోక్కున్నాడు. ఇరవై టన్నుల బొగ్గు గుట్ట మీదికి తోలమంటే తోలతాడుగాని, అమ్మకూ పెళ్లానికీ మధ్య ఒక మాట తోలమంటే అతనికి గేరు పడదు. "అమ్మను నేనే అడుగుత," అన్నాడు నేల చూసుకుంటూ.

"నువ్వడగకు. నీకోసమని ఒప్పుకుంటే అది నీకోసమే అయితది."

ఆ రాత్రి అన్నాలయ్యాక చిన్నక్క బుట్ట చంకన పెట్టుకుని, కొడవలి చేత పట్టుకుని వాగు వైపు పోవడం కళ్యాణి చూసింది. పీతలకనుకుంది. తిరిగొచ్చినప్పుడు బుట్ట లేదు. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

*

తెల్లారి కళ్యాణి పెరట్లోకి పోతే గడ్డలకు మట్టి కప్పి లేదు. అత్త కప్పకపోవడం కన్నా భయం ఏముంటుంది? వరస చివరిదాకా చూస్తే మూడు చోట్ల గుంతలు. ఆ మూడు మొక్కల ఆకులు మేక ముందున్నాయి. మేక కొత్తా పాతా చూడకుండా సగం నమిలేసింది. దానికి పెద్దల భయం లేదు.

అత్త బుట్ట లేకుండా తిరిగి రావడం అప్పుడు గుర్తొచ్చి, కళ్యాణి బిందె తీసుకుని వాగు దారి పట్టింది. నీళ్లకన్నట్టే పోయింది.

వాగులో నీళ్లు చీలమండ మునిగేంతే. రాళ్ల మధ్య నుంచి గలగలా పోతున్నాయి. చలికి నీటి మీద సన్నగా ఆవిరి లేస్తోంది. చిన్నక్క చీర మోకాళ్ల పైకి దోపుకుని వాగు మధ్యలో వంగి ఉంది. రెండు రాళ్ల నడుమ ఇరికించి, పైన బండ పెట్టి ఉంచిన బుట్టను లాగుతోంది. బుట్ట ఒడ్డుకొచ్చింది. అందులో నీళ్లోడుతూ తెల్లటి ముక్కలు. ముక్కల మీద ఒక పీత. దాని పక్కన దాని బంధువులు.

కళ్యాణికి అప్పుడర్థమైంది. అడవిలో దొరికే చేదుగడ్డకు ఒళ్లంతా విషం. దాన్ని ముక్కలు కోసి, బూడిద వేసి ఉడకబెట్టి, రాత్రంతా పారే నీళ్లలో ఉంచితేగాని తినే యోగ్యత రాదు. గూడెంలో ఆడవాళ్లందరికీ తెలిసిన పని అది. చిన్నక్క తెలియని గడ్డను తనకు తెలిసిన దారిలో పెట్టింది. పాపం నూల్‌కోలు చేయని తప్పుకు శిక్షంతా అనుభవించింది.

చిన్నక్క పీతను రెక్క పట్టి విసిరేసి, ఒక ముక్క తీసి నాలుక చివర ఆనించి, పక్కకు ఉమ్మేసింది. విషం ఉందో పోయిందో చూడటానికి అంతవరకూ చెయ్యొచ్చు, మింగకూడదు. ఇంకో ముక్క ఆనించింది. మళ్లీ ఉమ్మేసింది. ఆ తర్వాత అరచేతిలో ఆ ముక్కను పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎప్పుడూ ఎవరికీ తగ్గని మనిషి, ఆ ముక్క ముందు చిన్నబోయి కూర్చుంది.

కళ్యాణి బిందె రాయికి తగిలి ఖంగుమంది. చిన్నక్క చటుక్కున చూసింది. చుట్టూ వెతికింది. కోడి లేదు, మేక లేదు. పీతలు కూడా వెళ్లిపోయాయి. ఇక దిక్కులేక కోడలి మొహమే చూసి మాట్లాడాల్సి వచ్చింది.

"విషం పోగొట్టిన," అంది. "విషంతోటి రుచి గూడ పోయింది. తడిసిన దూది నమిలినట్టు ఉన్నది."

"దీనికి విషమే లేదత్తమ్మా."

"నీకెట్ల తెల్సు?"

"చిన్నప్పుడు మడిల కూసోని పచ్చిదే తినేటోళ్లం. జామకాయ లెక్క." కళ్యాణి ఒడ్డున చూసింది. బుట్ట పక్కన ఇంకా ఒక గడ్డ మిగిలి ఉంది, కోయనిది. రెండో ప్రయత్నానికి దాచుకున్నట్టుంది. దాన్ని తీసుకుని, అత్త కొడవలితోనే చెక్కడం మొదలుపెట్టింది. పైన పచ్చటి తోలు మందంగా లేచింది. అడుగున వేరువైపు గట్టి నారను లోతుగా కోసి పారేసింది. లోపలిది తెల్లగా, తడిగా, కోసిన చోటల్లా మెరుస్తూ బయటపడింది. ఒక బిళ్ల కోస్తే టక్కుమని విరిగింది. "చూడున్రి, నేను తిని చూపిస్త. నాకేమన్న అయితదేమో మీరే చూడున్రి."

బిళ్ల పెదాల దాకా వెళ్లింది. దాని వాసన తగలగానే నోట్లో నీళ్లూరాయి. ఎన్నాళ్లయిందో తిని.

అక్కడ ఆగింది.

చెయ్యి మెల్లగా దించి, ఆ బిళ్లను మిగిలిన గడ్డ మీద మూతలాగా పెట్టేసింది. "కొత్త పెట్టలే గద," అంది తనలో తాను అనుకున్నట్టు.

చిన్నక్క వంగి, వాగులో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అంత కడగాల్సిన మట్టేమీ ఆ చేతులకు లేదు.

"మా అత్త ఉన్నప్పుడు," అంది చివరికి, నీళ్ల వైపే చూస్తూ, "మా చిన్న మరిది యాడికెళ్లో టమాట నారు తెచ్చి పెట్టిండు. ఎర్రగ కాసింది. అది రక్తం లెక్క ఉన్నదని ఎవలూ ముట్టలే. మా అత్త ఏం జేసిందంటే, తెచ్చినోడే పెద్దలకు చెప్పాలె అన్నది. వాణ్ని లోపట కూసోపెట్టి, ముందు నీ పేరు చెప్పు, మల్ల దాని పేరు చెప్పు, అది ఎట్ల తింటరో చెప్పు అన్నది. వాడు చెప్పిండు. పెద్దలు ఒప్పుకున్నరు."

కళ్యాణి అత్త మొహంలోకి చూసింది. "అట్ల చెప్పొచ్చని మీకు ముందే తెల్సా అత్తమ్మా?"

"తెల్వకేం?"

"మరి ఇన్నొద్దులు చెప్పకపోతిరి?"

చిన్నక్క బుట్ట బోర్లించి రుచిపోయిన ముక్కల్ని వాగులో వదిలేసింది. అవి తేలుతూ పోయాయి. "కోడికి తెల్వదు గదా. దాన్ని పట్టుకోని నీకెట్ల చెప్పాలె?" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరక్కుండానే, "లేతయి చూసి తెంపుకోని రా. నా చేతి మీదుగ ఇంతవరకు రుచి లేనిది పెద్దల ముందర పెట్టలే. ఇగ ఈ వయసుల పెట్ట," అంది.

*

లోనింటి గుమ్మం పొట్టిది. కళ్యాణి ఒడి నిండా గడ్డలతో గడప దాటుతూ నుదురు ఠంగుమని కొట్టుకుంది.

"వంగాలె," అంది లోపలి నుంచి చిన్నక్క. "గీ గుమ్మానికి ఎంతోడైనా వంగుడే. మీ మామ నెత్తి మీద బొప్పులు చూడలేదా?"

"అవి గుమ్మం బొప్పులు కావు, నీ గరిటె బొప్పులు!" అన్నాడు పగిడయ్య బయట నుంచి. ఆయనా వీరబాబూ గడప అవతల మంచం మీద, తీర్పు కోసం వచ్చిన వాళ్లలాగా కూర్చుని ఉన్నారు.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. వాసానికి మొక్కజొన్న కంకుల గుత్తి. మూలన నల్లబడ్డ కుండ, దాని ముందు శుభ్రంగా అలికిన చోటు. కళ్యాణి దాని వంక సూటిగా చూడలేక, కత్తిపీట లాక్కుని కూర్చుంది. చెక్కు తీసింది, నార తీసింది, గడ్డల్ని పాచికలంత ముక్కలు కోసింది. లేత ఆకులు విడిగా సన్నగా తరిగింది. శనగపప్పు ముందే నానబోసి ఉంది. చిన్నక్క ఎదురుగా కూర్చుని ప్రతి కోతనూ చూస్తోంది. చెక్కు మందం చూసి ఒకసారి, "గంత పారేస్తవా?" అంది. కళ్యాణి పారేసిన ముక్కను కట్టె కొరికినట్టు నటించి చూపిస్తే, "సరె సరె," అంది.

చిక్కు పొయ్యి దగ్గర వచ్చింది. గ్యాస్ మర తిప్పడం అలవాటైన చెయ్యి. కట్టెలన్నీ ఒకేసారి దూర్చేసింది. మంట చచ్చి, పొగ లేచి, ఇంటి నిండా కమ్ముకుంది. కళ్యాణి ఊదింది. బూడిద మొహాన కొట్టింది.

"ఏందే, ఏడుస్తున్నదా ఏంది నా కోడలు?" అన్నాడు పగిడయ్య.

"పొగ మామా!"

"పొగే ముసలోడా, నీ కతలోలె!" అంది చిన్నక్క. జరిగి కూర్చుని, రెండు కట్టెలు వెనక్కి లాగి, ఒకదాన్ని ఏటవాలుగా పెట్టింది. "పొయ్యికి గాలి ఇయ్యాలె పిల్లా. మెడ దాక కుక్కితే ఏదైనా సచ్చిపోతది." మంట ఒక్కసారి భగ్గుమని లేచింది. కళ్యాణి మంటను చూసి, పెరట్లోని మట్టికుప్పలు గుర్తొచ్చి నవ్వాపుకుంది. చిన్నక్కకూ ఏదో గుర్తొచ్చినట్టుంది. కట్టెను అక్కర్లేకపోయినా ఇంకోసారి సర్దింది.

నూనె కాగింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. శనగపప్పు వేగి రంగు మారాక ముక్కలు, పసుపు. మూత మీద నీళ్లు పోసి సన్నటి సెగ మీద ఉంచింది. ముక్క కాస్త మెత్తబడ్డాక ఆకు కలిపింది. చివర వేయించి దంచిన నువ్వులపొడి చల్లింది. ఆ వాసన గడప దాటి మంచం దాకా పోయింది. మంచం కిర్రుమంది. ఎవరో ముందుకు జరిగారు.

చిన్నక్క ఆకు పరిచి, అన్నం, దాని పక్కన కూర పెట్టి, కుండ ముందు ఉంచింది. ఇప్పసారా రెండు చుక్కలు నేల మీద వదిలింది. కోయమాటల్లో ఏదో మొదలుపెట్టింది. గబగబా, ఇంటిమనిషితో మాట్లాడినట్టే ఉంది. మధ్యలో ఆగి, కోడలి వైపు తల ఊపింది. "ఇగ చెప్పు."

"ఏ భాషల చెప్పాలె?"

"నీకొచ్చిన దాంట్లె చెప్పు. సచ్చినోళ్లకు అన్ని భాషలు అర్థమైతయి. బతికినోళ్లకే కష్టం."

కళ్యాణి గొంతు సవరించుకుంది. డిగ్రీ పరీక్షకు కూడా ఇంత భయపడలేదు.

"నేను కళ్యాణిని," అంది. "గోప్యా, ద్వాలి బిడ్డను. తిరుమలాయపాలెం కాడి తండా మాది. ఇది నూల్‌కోలు. మా అమ్మ నారు పంపింది, మీ పెరట్ల పండింది. పైన తోలు మందంగ తియ్యాలె. అడుగున నార ఉంటది, అది పారెయ్యాలె. ఆకు గూడ తినొచ్చు. దీంట్ల విషం లేదు." ఇంకేం చెప్పాలో తెలియక ఆగింది. "తినున్రి," అంది.

చిన్నక్క మళ్లీ కోయలో రెండు మూడు మాటలంది. ఈసారి మెల్లగా. అందులో తన పేరు ఒక్కటే కళ్యాణికి తెలిసింది.

బయట పగిడయ్య ఉండబట్టలేకపోయాడు. "ఏమన్నదో తెల్సా బిడ్డా? చెప్పుడు శానా ఆలిశమైంది, తప్పు నాదే, ఏమనుకోకున్రి అన్నది!"

"గడ్డ గురించి అన్న!" అని కసిరింది చిన్నక్క. "చెవులు పెట్టుకోని కూసున్నవా? రా, వచ్చి తిను."

నలుగురూ లోనింట్లోనే కూర్చున్నారు. చోటు చాలక మోకాళ్లు తగిలాయి. వీరబాబు తలొంచుకుని గబగబా తింటున్నాడు. పగిడయ్య మొదటి ముద్దకే తన తాత ఈ గడ్డనే వెతుక్కుంటూ గోదారి కిందికి దూరాడని తేల్చేశాడు. కళ్యాణి మాత్రం ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అత్త చేతినే చూస్తోంది.

చిన్నక్క ఒక ముక్క తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. అన్నంతో కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు మూసుకుని ఇంకా నమిలింది. మింగింది. రెండో ముద్ద కలిపింది. మూడోది కూడా తిన్నాక మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

వీరబాబు ముద్ద గొంతులో ఆగింది. పగిడయ్య కూడా కథ ఆపాడు. కళ్యాణి మాత్రం అత్త మొహం చూసి, చూసి, పొగకు ఎర్రబడ్డ కళ్లతో పెద్దగా నవ్వేసింది. ఆకలి లేని మనిషికి ఉప్పు తక్కువని ఎలా తెలుస్తుంది?

ఉప్పు ఎక్కడుందని ఆమె అడగలేదు. లేచి, పొయ్యి వెనక గూట్లో చెయ్యి పెట్టి తడిమింది. చింతపండు తగిలింది. అగ్గిపెట్టె తగిలింది.

"ఇంకొంచెం ఎడమకు," అంది చిన్నక్క, నాలుగో ముద్ద కలుపుకుంటూ.